బోడిబండి వయసు

మా నాయన ఉలిగప్ప పశువుల దలారి. ఇల్లు పెనుకొండలో, పని హిందూపురం సంతలో. ఎద్దు కింది పెదవి దించి పండ్లు చూసి వయసు చెప్పడం ఆయనకు, మనం గోడగడియారం చూసి టైము చెప్పినంత తేలిక. రెండు పండ్లు వేసింది కోడె. ఆరు పండ్లు వేసింది మంచి పని వయసు. పండ్లన్నీ అరిగిపోయాక అడిగినవాడు ఎంతిస్తే అంత. వయసు పెరిగేకొద్దీ ధర తగ్గుతుందన్నది ఆయన చదువుకున్న ఒకే ఒక పాఠం. దాని మీద ఆయనకు ఎన్నడూ అనుమానం రాలేదు. అట్లాంటి మనిషిని ఒక ప్రశ్న పదిహేనేళ్లపాటు కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ ప్రశ్న నాలుగు చక్రాల మీద మా కొట్టంలో ఉండేది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. సంతలో కొందరు దలారులు ముసలెద్దు కొమ్ములను ఆకురాయితో రాకించి, ఆముదం పూసి, కోడెలాగా నిలబెడతారు. కొమ్ము మీద వలయాలు వయసు చెబుతాయి కాబట్టి ముందు వాటిని చెరిపేస్తారు. నాయన అట్లాంటివాళ్ల పక్కన కూర్చుని టీ కూడా తాగేవాడు కాదు. ‘ఈ చేతులు ఒక్క పండూ దాచలేదు’ అని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ ఆ మాట కనీసం ఒకసారైనా విని ఉంటారు. మా అమ్మ ముత్యాలమ్మ మాత్రం వెయ్యిసార్లు వినింది.

బోడిబండి మా ఇంటికి 1991లో వచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు ముంగారు వాన, అంటే తొలకరి, ముందే పడింది. పెనుకొండ పక్క పల్లెలో ఓబుళప్ప అని ఒక రైతు ఉండేవాడు. తాతల కాలం నుంచి భూములున్న కుటుంబం. భూమి మిగిలింది, డబ్బు మిగల్లేదు. సరిగ్గా దుక్కి వేళకు ఆయన కాడెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది, మిగిలింది ముసలిది. అదును దాటిపోతుందని ఆయన పరుగున నాయన దగ్గరికి వచ్చాడు. చేతిలో పైసా లేదు, కొట్టంలో మాత్రం వాళ్లన్న వదిలిపోయిన కారు ఉంది.

అది ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు. ఓబుళప్ప వాళ్లన్న వయసులో ఉన్నప్పుడు మద్రాసులో కొని, పందేలకు కూడా తోలాడట. ఆయన పోయాక దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టి పొదిగేవి. కాగితాలను చెదలు తినేశాయి. ఎద్దులిచ్చి ఆ కారు తీసుకోమని ఓబుళప్ప అడిగితే నాయన నవ్వి లేవబోయాడు. అప్పుడు ఓబుళప్ప మాటవరసకు ఒక సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట బెంగళూరు ఆఫీసరెవరో దాన్ని ఐదు వేలకు అడిగి పోయాడు. పోయిన ఏడు ఇంకొకాయన వచ్చి పది వేలన్నాడు. ఇద్దరూ మళ్లీ వస్తామన్నారు, రాలేదు.

నాయన మళ్లీ కూర్చున్నాడు. నడుస్తుందా అని అడిగాడు. నడవదు. ఏమైనా పనికొస్తుందా? రాదు. మరి ఎందుకు ధర పెరిగింది? ఓబుళప్పకూ తెలియదు. మేత వేయకుండా, నీళ్లు పెట్టకుండా, కదలకుండా నిలబడి ఏడాదికేడాది ధర పెంచుకునే సొత్తును నాయన అంతవరకు చూడలేదు. అక్కడే బోల్తాపడ్డాడు.

బేరం మా ఇంటి అరుగు మీద జరిగింది. పశువుల బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, చెయ్యంతా పడితే ఐదు. వందలా వేలా అన్నది ముందే అనుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా అడిగిందెంతో, ఇచ్చిందెంతో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. కారుతోపాటు, పంట చేతికొచ్చాక ఓబుళప్ప పైన ఎంత వేయాలన్నది ఆనాటి బేరం. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గడపలో నిలబడి, తువ్వాలు కదలడం చూస్తూనే ఉంది. ఎవరివో పశువులు అనుకుంది. నాయనకు అది రోజూ ఉండే పనే కదా.

ఆ ఎద్దులు అమ్మవి. మడకశిర దగ్గర ఆమె పుట్టింటివాళ్లు నేను ఐదో తరగతిలో ఉండగా రెండు దూడల్ని ఇచ్చారు. మల్లడు, మబ్బడు. వాటికి గంజి పట్టి, పేలు ఏరి, జత కట్టి పని నేర్పింది ఆమే. మరుసటి రోజు చీకటితోనే ఓబుళప్ప ఎద్దులను తోలుకుపోయి, తెల్లారేసరికి వాటినే కట్టి కారును మా ఇంటిదాకా లాగించుకొచ్చాడు. అవి ఎప్పుడూ కట్టేసి ఉండే చోట కారు నిలబడింది, అవి వీధిలో నిలబడ్డాయి. అమ్మ గడప దిగి వచ్చింది. ఎద్దుల మెడల్లోని గంటల పట్టెడలు రెండూ విప్పుకొని లోపలికి పోయి నడవలో మేకుకు తగిలించింది.

ఆ పూట నాయన అన్నం ముందు కూర్చుని మాట ఇచ్చాడు. బండి అమ్మిన రోజు ఇంతకు రెండింతల మంచి జత తెచ్చి ఇదే కొట్టంలో కడతానన్నాడు. అమ్మ రాగిముద్ద వడ్డించి లోపలికి పోయింది. ఆ మాట నెరవేరుతుందా లేదా అన్నదాని మీదే మా ఇంటి పదిహేనేళ్ల వాతావరణం ఆధారపడింది.

కప్పు లేదు కాబట్టి వీధిలో అందరూ దానికి బోడిబండి అని పేరు పెట్టారు. ముందు బానెట్ ఎత్తి ఇంజను వైపు చూస్తే ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. చేసినవాళ్ల పేరు, ఒక నంబరు, 1953 అని సంవత్సరం. ఆ అంకె నాయనకు చదివి చెప్పింది నేనే. “ముప్పైయెనిమిదేండ్లా? అంటే దీనికి పండ్లే లేవన్నమాట” అన్నాడు. కొత్తగా కొన్న జీవానికి చేసినట్టే దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడైనా చెడ్డ సుడి ఉందేమోనన్నట్టు వంగి చూశాడు.

మొదటి గిరాకీ 1994లో దిగాడు. బెంగళూరు నుంచి హైదరాబాదుకు కారులో పోతూ హైవే పక్క టీ కొట్టులో బోడిబండి సంగతి విన్నాడట. వచ్చి చూసి పెదవి విరిచాడు. చాలా పాతది, తుప్పు, ఎందుకూ పనికిరాదు అన్నాడు. ఇవన్నీ చెప్పి ముప్పై వేలు ఇస్తానన్నాడు. నాయన బిత్తరపోయాడు. ఎద్దుకు వంక పెట్టేవాడు ధర తగ్గిస్తాడు, ఈయన వంక పెట్టి పెంచుతున్నాడు. బండి ఇవ్వలేదు గానీ, దాన్ని ఏం చేసుకుంటారని అడిగాడు. చిన్నప్పుడు మా ఎదురింటివాళ్లకు ఇట్లాంటిది ఉండేది, మమ్మల్ని ఎక్కనిచ్చేవాళ్లు కాదు అన్నాడాయన. నాయన ఆ జవాబును వారం రోజులు నములుతూ తిరిగాడు.

ముప్పై వేలకు ఆ రోజుల్లో రెండు మంచి జతలు వచ్చేవి. ఎందుకు ఇవ్వలేదని అమ్మ ఒకే ఒకసారి అడిగింది. ఎంతదాకా పోతుందో చూద్దామన్నాడు నాయన.

“ఎద్దులు అమ్మేటప్పుడు నన్ను అడగలా. బండి అమ్మకుండేదానికీ అడగలా” అంది అమ్మ.

ఆ తర్వాత నాయన పరిశోధన మొదలైంది. పాత ఇనుము కొట్టుకు పోయి ధర అడిగి, బండిలో ఇనుమెంతో అంచనా వేసి, ఇది ఇనుము ధర కాదని తేల్చాడు. బ్యాంకు ఆఫీసరును అడిగితే డిమాండు అన్నాడు. డిమాండు సరే, అది ఎందుకు పుడుతుందని నాయన అడిగితే ఆయన పక్క కౌంటరు చూపించాడు. పశువుల డాక్టరు తనకు పశువుల సంగతే తెలుసన్నాడు. చివరికి కదిరిలో ఒక వ్యాపారి దగ్గర కొంచెం వెలుగు దొరికింది. ఆయన పల్లెల్లో కూలిపోయిన ఇళ్ల నుంచి పాత చెక్కడపు తలుపులు కొని బెంగళూరు హోటళ్లకు అమ్మేవాడు. అట్లా చెక్కేవాళ్లు ఇప్పుడు లేరు, ఉన్నవి తరిగిపోతున్నాయి, అందుకే రేటు పెరుగుతోంది అని చెప్పాడు.

నాయన ఇంటికొచ్చి ఆ సిద్ధాంతం అమ్మకు వినిపించాడు. ఆమె చాటలో కొర్రలు చెరుగుతూ, మీలాంటి దలారులు కూడా తరిగిపోతున్నారు కదా, మరి నీ రేటు ఎందుకు పెరగలేదని అడిగింది.  ఆ ప్రశ్న నిజంగానే బాగుందని నాయన నాతో తర్వాత చెప్పాడు.

1998లో ఇంకొకాయన ఎనభై వేలన్నాడు. 2002లో హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి రెండు లక్షలన్నారు. వీళ్లూ మొదట వంకలే పెట్టారు. పాతది, మరీ పాతది, యాభై ఏళ్ల ముసలి బండి, దీన్ని ఏం చేసుకోవాలి అని ఒకరితో ఒకరు అనుకుంటూనే ధర పెంచారు. అందులో ఒకాయన ఆ మాటల మధ్యే బండి స్టీరింగును వదలకుండా నిమురుతున్నాడు. నాయన అది కనిపెట్టాడు. బండి బాగుందని ఒక్కరూ అనకపోవడం, దాన్ని వదల్లేకపోవడం, ఈ రెండూ ఆయనకు పొసగలేదు. అప్పటికి హిందూపురం చుట్టుపక్కల ఇళ్ల స్థలాలు కూడా రెండేళ్లకు రెండింతలవుతున్నాయి. ఇది జీవం కాదు, స్థలం లాంటిది, కాలం పోయేకొద్దీ పెరుగుతుంది అని ఒక నిర్ణయానికి వచ్చాడు. అంటే ధర పెంచేది కాలం. వయసు మాత్రం ఎప్పటిలాగే వంకే. వచ్చిన ప్రతివాడూ అదే వంక పెట్టాడు కదా.

ఈ తేడా దగ్గరే ఆయన తప్పటడుగు వేశాడు. కొనేవాళ్లు కూడా తమ మనసు మీద ఒక తువ్వాలు కప్పుకొని వస్తారని జీవితమంతా తువ్వాలు కింద బతికిన మనిషికి తట్టలేదు. నాకు ఇప్పటికీ అదే విచిత్రంగా ఉంటుంది.

ఈలోగా నాకు పెళ్లయి ధర్మవరం వచ్చాను. మా ఆయన రమేష్‌ది బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్ అంగడి. 2006లో రమేష్ బోడిబండిని దూరం నుంచి నాలుగు ఫోటోలు తీసి, ఇట్లాంటి కార్లు కొనేవాళ్లు చూసే చోట పెట్టాడు. వారం తిరక్కముందే బెంగళూరు నుంచి ఆనంద్ అనే ఆయన రాశాడు. బండి తాను అనుకున్నదే అయితే ఏడు లక్షలు ఇస్తానన్నాడు.

నాయన పెనుకొండ నుంచి పొద్దున బస్సుకే దిగాడు. రమేష్ కంప్యూటర్లో అదే రకం బండ్లను చూపించాడు. లండన్లో ఒకటి, ఇంకెక్కడో ఒకటి. అన్నీ మిలమిలా మెరుస్తున్నాయి. నాయన స్టూలు తెరకు దగ్గరగా జరుపుకొని, ఒక్కొక్క దాని ధర రూపాయల్లోకి మార్పించుకొని విన్నాడు. ఇవన్నీ బోడిబండి ఈడువేనా అని అడిగాడు. అవునన్నాడు రమేష్. చూస్తే కోడెల్లాగా ఉన్నాయే అని నాయన చాలాసేపు వాటినే చూశాడు.

అంతలో ఆనంద్ ఫోన్ చేశాడు. నేను ఫోన్ నాయనకిచ్చాను. ఇంజను దగ్గర ఇత్తడి బిళ్ల ఉందా అని ఆయన అడిగాడు. ఉంది అన్నాడు నాయన. దాని మీద ఏ సంవత్సరం ఉంది అని అడిగాడు. ఆ అంకె నాయనకు కంఠతా వచ్చు. అయినా ఇంటికి పోయి చూసి చెబుతానన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం సంతలో ఉన్నప్పటి ముఖమైంది.

“వయసు అడుగుతాండాడు” అన్నాడు. “ఇంగ తగ్గిస్తాడు.”

నేను అంత దూరం ఆలోచించలేదు. అంగడిలో జనం ఉన్నారు, టీ తాగించి బస్సెక్కించాను.

తర్వాత జరిగింది అమ్మ చెబితే తెలిసింది. నాయన నేరుగా హిందూపురం పోయి, లారీలకు రంగు వేసే నాగరాజును వెంటబెట్టుకొని వచ్చాడు. వెలిసిపోయిన ఎర్రరంగు గీకించి, చిలకపచ్చ రంగు వేయించాడు. చక్రాలకు వెండిరంగు. సీట్లకు కొత్త రెగ్జిన్. నాగరాజు పని ముగించి పోతుంటే, ఆకురాయి ఒక్క పూటకు ఇచ్చి పొమ్మని అడిగాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ కొట్టంలో ఒక్కడే కూర్చుని, ఇత్తడి బిళ్ల మీది అంకెలన్నీ నున్నగా రాకేశాడు. సంవత్సరం ఒక్కటే పోతే అనుమానం వస్తుందని నంబరు కూడా వదల్లేదు. అమ్మ పొయ్యిలోకి కట్టెల కోసం కొట్టంలోకి వచ్చి చూసింది. ఆయన రాకుతూనే ఉన్నాడు. ఆమె కట్టెలు తీసుకొని వెళ్లిపోయింది.

ఆ చేతులు దాచిన మొదటి పండు అదే. డబ్బు ఆశ కాదని నేను అనను. కానీ ఏడు లక్షలతో ఏం చేస్తావని నేను ఫోన్లో అడిగితే ఆయన చెప్పింది ఎద్దుల గురించే. మైసూరు వైపు పోయి, జిల్లాలో ఎవరి దగ్గరా లేని జత తెచ్చి అమ్మ ముందు కడతానన్నాడు. పదిహేనేళ్ల కిందట చేసిన బేరం పిచ్చిపని కాదని ఆ గడపలో నిలబడిన మనిషి ఒప్పుకోవాలి. ఆయనకు కావలసింది అది.

ఆనంద్ ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడేవాడు, తెలుగులో కన్నడం కలిసేది. నేనూ రమేష్ ముందు రోజే పెనుకొండ చేరాం. కొట్టంలో చిలకపచ్చ బండి చూసి ఆయన గోటితో రంగు గీకి చూశాడు. తర్వాత పర్వాలేదు, రంగు తీసేయొచ్చు అని తనకు తానే చెప్పుకున్నట్టు అని, ముందు బానెట్ ఎత్తి వంగాడు. జేబులోంచి చిన్న టార్చి తీశాడు. బిళ్ల మీద వేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు.

“ఇక్కడి నంబరు ఏమైంది?” అని అడిగాడు.

అరిగిపోయిందనో, మేము తెచ్చినప్పుడే ఇట్లా ఉందనో ఒక్క మాట అంటే సరిపోయేది. రమేష్ అనబోయాడు కూడా. నాయన చెయ్యెత్తి ఆపాడు. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది, ఓబుళప్ప బేరం రోజు నిలబడినట్టే.

“నేనే రాకేసినా సామీ” అన్నాడు నాయన. “వయసు కనపడకూడదని.”

ఆనంద్‌కు అర్థం కాలేదు. నాయన కొమ్ముల సంగతి, వలయాల సంగతి, సంతలో దలారులు చేసే పని అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాడు. విన్నాక ఆనంద్ బండి మడ్‌గార్డు మీద కూర్చుండిపోయాడు.

“అయ్యో, నేను వచ్చింది ఆ వయసు కోసమే కదా” అన్నాడు.

ఆయన కోప్పడలేదు. విడమరిచి చెప్పాడు. ఆ ఏడాది ఆ రకం బండ్లు కొన్నే చేశారట. ఇది వాటిలో ఒకటని నిరూపించేది ఆ నంబరు, ఆ సంవత్సరం. కాగితాలు లేనప్పుడు బిళ్లే సాక్ష్యం. అది లేకపోతే నాలుగు బండ్ల ముక్కలు ఏరి కూర్చినదని ఎవరైనా అనొచ్చు. ఇంతకుముందు వచ్చినవాళ్లు పాతది పాతదని ఎందుకన్నారని నాయన అడిగాడు. ఆనంద్ ఇబ్బందిగా నవ్వి, తక్కువకు దొరుకుతుందేమోనని అని ఉంటారు, నేనూ అలాగే అనాలనుకుంటూ వచ్చాను అన్నాడు. నాయన తలెత్తి ఆయన వైపు చూశాడు. అంత బాధలోనూ ఆ కళ్లలో పదిహేనేళ్ల చిక్కుముడి విడిపోయిన తృప్తి కనిపించింది. నేను అది చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఇప్పుడు విడిభాగాల కోసం తప్ప కొనలేను, అరవై వేలు ఇవ్వగలను అన్నాడు ఆనంద్. అందరం నాయన వైపు చూశాం. ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. ఆనంద్ వైపు పోలేదు. వాకిట్లోకి నడిచి అమ్మ ముందు నిలబడి, తన చేతి మీద తువ్వాలు కప్పి చాపాడు. ఎద్దులు ఆమెవి కాబట్టి బండి కూడా ఆమెదేనని, ధర ఆమె చెప్పాలని ఆనంద్‌కు వినపడేటట్టు చెప్పాడు. ఆ తువ్వాలు కింద ఒక ఆడమనిషి చెయ్యి పెట్టడం హిందూపురం సంతలో ఎవరూ చూసి ఉండరు.

అమ్మ చెయ్యి పెట్టలేదు. తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, మళ్లీ ఆయన భుజం మీద పెట్టింది.

“నా కండ్ల ముందరే గుడ్డ కప్పి నా ఎద్దుల్ని అమ్మితివి” అంది. “రేటెంతని కాదు నా బాధ. నేను ఈడనే నిలబడుండా, నాకు చెప్పలా. ఇంగ గుడ్డ వద్దు. నోటితో అడుగు.”

నాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఎంతకియ్యమంటావు?” అని అడిగాడు.

“ఒక జత ఎద్దులంత. ఎక్కువ దుడ్లు నాకొద్దు.”

ఆ రోజుల్లో మంచి జత డెబ్బై వేలు. నాయన ఆ మాటే ఆనంద్‌తో చెప్పాడు. ఆయన సరేనన్నాడు. చేతులు కలపలేదు, వేళ్లు పట్టుకోలేదు. వీధిలో పోయేవాళ్లు కూడా విన్నారు. రమేష్‌కు ఏడు లక్షలు పోయినందుకు ఆ రోజు అన్నం సయించలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది, అది డబ్బు గురించి కాదు.

బండిని లారీ మీద ఎక్కించుకొని పోయారు. నెల లోపల నాయన జత తెచ్చాడు. నాలుగు పండ్ల కోడెలు. అమ్మ పెదవులు దించి తానే పండ్లు చూసుకొని, నడవలోకి పోయి మేకుకున్న పట్టెడలు తెచ్చింది. గంటలు చిలుం పట్టి ఉన్నాయి. చింతపండు వేసి తోమి, వాటి మెడలకు కట్టింది.

ఇదంతా అయ్యాక ఆయన బోడిబండిని మరిచిపోయి ఉంటాడని మీరు అనుకోవచ్చు. నెలకోసారి ధర్మవరం వచ్చి, రమేష్ పక్కన స్టూలు వేసుకొని, ఇప్పుడెంతంట అని అడిగేవాడు. కొనేది లేదు, అమ్మేది లేదు. ఊరికే తెలుసుకోవాలి. మా వైపు ట్రాక్టర్లు నిండిపోయి ఎద్దుల పని తగ్గింది. మోకాళ్ల నొప్పులు కూడా మొదలయ్యాయి. సంతకు పోవడం తగ్గించాడు గానీ ఈ తిరుగుడు మానలేదు.

2009లో ఆనంద్ రమేష్‌కు ఫోన్ చేశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయినా చెప్పాడు. విడిభాగాలుగా విప్పబుద్ధి కాక మూడేళ్లు బండిని బాగుచేస్తుంటే, అడుగున చట్రం మీద మురికీ రంగూ పొరలు గీకినచోట అదే నంబరు ఇనుములో కొట్టి ఉండటం బయటపడిందట. పుణెలో ఒకాయనకు పద్నాలుగు లక్షలకు ఇచ్చాడట. లాభంలో కొంత పంపిస్తానన్నాడు. ఆ సంగతి నాయనకే వదిలేశాం.

ఫోన్లో చెప్పడానికి మనసొప్పక నేను పెనుకొండ పోయాను. నాయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఆయన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు.

“నంబరు యాడ ఉన్నిందంట?”

ముందు చక్రం పక్కన, చట్రం లోపలి వైపు అని చెప్పాను. పదిహేనేండ్లు దాని పక్కన్నే ఉండి కూడా కిందికి వంగి చూడలేదే అని నవ్వాడు. ఆనంద్ పంపేది వద్దని చెప్పమన్నాడు, బేరం బేరమే. తర్వాత లేచాడు. అమ్మకు చెప్పొద్దు, ఊరికే బాధపడుతుంది అన్నాను నేను. నాయన వినలేదు.

“చెప్పి తీరల్ల” అన్నాడు.

కొట్టంలో అమ్మ ఎద్దులకు తవుడూ చిట్టూ కలుపుతోంది. నాయన గడపలో నిలబడి పద్నాలుగు లక్షల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆమె కలుపుతూనే వినింది. తొట్టి నింపి, చేతులు కడుక్కొని, ఆయన వైపు తిరిగింది.

“ఆ బండి సంగతి సరే. ఇప్పుడు సంతలో మంచి జత ఎంత పలుకుతాంది?”

నాయన నోరు తెరిచాడు. లండన్లో బోడిబండ్ల రేటు ఆయన చెప్పగలడు. ఎద్దుల రేటు కనుక్కొని మాత్రం చాలా రోజులైంది.

“తెలీదు” అన్నాడు.

ముప్పై ఏళ్లు సంతలో బతికిన మా నాయన నోట ఎద్దుల ధర తెలియదన్న మాట నేను వినడం అదే మొదలు. అమ్మ నవ్వింది. ఎగతాళిగా కాదు, చాలా రోజులకు ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు నవ్వింది.

“రేపు సంతే గదా. పోయి కనుక్కుందాం పా” అంది.

మరుసటి రోజు పొద్దున ఇద్దరూ హిందూపురం బస్సెక్కారు. నేను ఇల్లు ఊడుస్తూ నడవలోకి వస్తే, పట్టెడలు పోయి ఖాళీ అయిన మేకుకు నాయన తువ్వాలు వేలాడుతోంది.